పెద్ద చెరువు అంటే ఏ చెరువు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో చెరువుల జాబితాలు తయారుచేసే నీటిపారుదల, రెవెన్యూ, పురపాలక శాఖల అధికారులకు నమస్కారం.

2018లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం ఐసీఐడీ తన వారసత్వ కట్టడాల జాబితాలో తెలంగాణ నుంచి రెండింటిని చేర్చింది. ఒకటి నిర్మల్ జిల్లాలో గోదావరి మీదున్న సదర్మాట్ ఆనకట్ట. రెండోది ‘పెద్ద చెరువు’. కామారెడ్డిలో ఆరో నిజాం కాలంలో కట్టిన చెరువది. ఆ గౌరవానికి అది అన్నివిధాలా తగిందే. కానీ ఏ కెనడా ఇంజనీరో, జపాన్ ఇంజనీరో ఆ పేరు చూసి తెలంగాణకు వచ్చి పెద్ద చెరువు ఎక్కడని అడిగితే ఏమవుతుంది? ఎవరి ఊరికి వాళ్లు తీసుకుపోతారు. షామీర్‌పేటకు పెద్ద చెరువుంది, ఇబ్రహీంపట్నానికి ఉంది, బయ్యారానికి ఉంది, మా ఊరికీ ఉంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. చెరువు కబ్జా అయిందని ఫిర్యాదు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం నవ్వు రాదు. మీ జాబితాల్లో ‘చెరువు పేరు’ అనే కాలమ్ గురించే ఈ ఉత్తరం. నిధుల గురించి, పూడికతీత గురించి మీకు ఉత్తరాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆ జోలికి పోను.

బయ్యారం సంగతే తీసుకోండి. మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ చెరువును కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ కట్టించింది. అంటే ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట. చెరువు కట్టించి ఊరుకోకుండా శాసనం వేయించి, అందులో దాని పేరు ధర్మకీర్తి సముద్రమని చెక్కించింది. అదే శాసనంలో తన పుట్టింటి వంశక్రమం కూడా రాయించింది. వెన్నడనే పూర్వికుడు కాకతి అనే చోట నుంచి పాలించాడనీ, అందుకే అతని సంతతికి ఆ పేరు వచ్చిందనీ మనకు చెప్పింది ఈ రాయే. అంటే ఒక రాజవంశానికి పేరెలా వచ్చిందో తెలుసుకోవాలంటే మనం చెరువు శాసనం చదువుకోవాల్సి వచ్చింది. ఓరుగల్లు కోట చుట్టూ ఎన్ని రాళ్లున్నా ఈ వివరం దొరికింది మాత్రం చెరువు రాతిలోనే.

మరి ధర్మకీర్తి సముద్రం బయ్యారం పెద్ద చెరువు ఎప్పుడైంది? తేదీ ఎవరూ చెప్పలేరు. ఏ రాజూ ఉత్తర్వు ఇవ్వలేదు. పొద్దున్నే పార భుజానేసుకుని మడి తడపడానికి పోయే మనిషి ‘ధర్మకీర్తి సముద్రం దాకా పోయొస్తా’ అనడు కదా. ‘చెరువు దాకా’ అంటాడు. పక్కన ఇంకో కుంట ఉంటే ‘పెద్ద చెరువు దాకా’ అంటాడు. తర్వాతి తరాల్లో ఎవరో గుమాస్తా కాగితం పట్టుకుని వచ్చి దీన్నేమంటారని అడిగి ఉంటాడు, వాళ్లు చెప్పిందే రాసుకుని ఉంటాడు. మన చెరువుల్లో చాలావాటికి అధికారిక నామకరణం ఇలాగే జరిగింది. అందులో తప్పేమీ లేదు. జనం పిలిచే పేరే అసలు పేరని నేనూ ఒప్పుకుంటాను. నా బాధల్లా రెండో పేరుకు కాగితంలో చోటు లేకపోవడం గురించే.

చోటివ్వడం కష్టమేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును చూడండి. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. శాసనంలో దాని పేరు అనంతరాజ సాగరం. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేస్తే రెండేళ్లలో పూర్తయిందని ఆ శాసనం చెబుతుంది. అంతేకాదు, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెబుతుంది. ఇప్పటి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక పాఠంగా పెట్టదగ్గ శాసనం. 2020లో అదే ఐసీఐడీ ఈ చెరువునూ గుర్తించింది. అప్పుడు పోరుమామిళ్ల చెరువని రాసి, పక్కనే బ్రాకెట్లో అనంతరాజ సాగరం అనీ రాశారు. ఊరివాళ్లు పిలిచే పేరు పోలేదు, కట్టించినవాడు పెట్టిన పేరూ పోలేదు. 2021లో యునెస్కో రామప్ప గుడిని చేర్చుకున్నప్పుడూ ఇదే పద్ధతి. ‘కాకతీయ రుద్రేశ్వర’ అని రాసి బ్రాకెట్లో ‘రామప్ప’ అన్నారు. అంత పెద్ద సంస్థలకు ఒక బ్రాకెట్ భారం కానప్పుడు మండల ఆఫీసులో భారమెందుకవుతుంది?

ఆ ఆరు దోషాల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదట. రాజ్యాల సంగతేమో గానీ, మా చెరువు రెండు గ్రామాల సరిహద్దులో ఉంది. కట్ట, తూములు, మత్తడి మా ఊరి వైపు. నీళ్లు నిలిచే శిఖంలో సగానికి పైగా పక్క ఊరి శివారులోది. మేం పెద్ద చెరువంటాం. వాళ్లకు వాళ్ల సొంత పెద్ద చెరువు వేరే ఉంది. అందుకని దీన్ని మైసమ్మ చెరువంటారు. కట్ట మీది మైసమ్మకు బోనం వాళ్లూ తెస్తారు, మేమూ తీసుకుపోతాం.

నీళ్ల లెక్క కాగితంలో ఇది మా ఊరి పెద్ద చెరువు. భూముల లెక్కలో రెండు గ్రామాల్లో వేర్వేరు సర్వే నంబర్లు, ఎదురుగా ‘శిఖం’ అనే ఒక్క మాట. కొన్నేళ్ల కిందట పక్క ఊరి వైపు శిఖంలో ఎవరో మట్టి పోసి చదును చేస్తుంటే మావాళ్లు ఫిర్యాదు రాశారు. పెద్ద చెరువును పూడ్చేస్తున్నారని రాశారు. ఆఫీసు నుంచి మనిషి వెళ్లి చూసి వచ్చాడు. ఏ చెరువును? పక్క ఊళ్లో పెద్ద చెరువని పిలిచే ఇంకో చెరువును! అది శుభ్రంగా ఉంది, నిండా తామరాకుతో. ఆక్రమణలేమీ లేవని రిపోర్టు వచ్చింది. ఆయన అబద్ధం రాయలేదు. ఫిర్యాదు చేసినవాళ్లూ అబద్ధం రాయలేదు. ఈలోగా చదును చేసినవాళ్లు కడీలు పాతి తీగె చుట్టేశారు. సర్వే నంబరు రాయాల్సింది కదా అని మీరనవచ్చు. మాకు తెలిసిన సర్వే నంబరు మా గ్రామంది. మట్టి పోసింది పక్క గ్రామం నంబర్లో.

మా ఊళ్లో నీరటి పని చేసిన తాత ఒకాయన ఉన్నాడు. తూము తెరిచే పని ఇప్పుడు లేకపోయినా పొద్దున లేస్తే కట్ట మీదే ఉంటాడు. ఆయన్ని పేర్ల గురించి అడిగితే చెరువును ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పెద్ద తూము కింది పొలాలకో పేరు, చిన్న తూము కింది వాటికో పేరు, నీళ్లు తగ్గాక మొదట తేలే దిబ్బకో పేరు. తూము గట్టు రాయి మీద ఏవో అక్షరాలున్నాయి. ఎవరో మంచి మనసుతోనే దానికి సున్నం కొట్టారు, ఏటా కొడుతూనే ఉన్నారు. వేలితో తడిమితే గీతలు తెలుస్తాయి, చదవడానికి రావు. ఆ రాయికి రెండడుగుల దూరంలో మరమ్మతుల పథకం బోర్డుంది. నీలి రేకు, తెల్ల అక్షరాలు. అంచనా విలువ, కాంట్రాక్టరు, పని పూర్తయిన సంవత్సరం, అన్నీ ఉన్నాయి. చెరువు పేరు దగ్గర ‘పెద్ధ చేరువు’ అని ఉంది. ఒత్తు ఎక్కువైంది, దీర్ఘం ఎక్కువైంది. బోర్డు రాసిన పిల్లవాణ్ణి ఏమీ అనను. అతనికి ఇచ్చిన కాగితంలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండి ఉంటుంది. నేననేదల్లా ఒకటే. ఎన్నో ఏళ్ల నుంచి ఆ బోర్డు ముందు నుంచి ఎంతోమంది అధికారులు పోయారు, ఎవరి కంటికీ ఆ మాట తగల్లేదు.

పేరు విషయంలో రాజులూ, ప్రభుత్వాలూ ఎంత పట్టింపుగా ఉంటారో మనకు తెలియంది కాదు. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న హుస్సేన్‌సాగర్ కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఖర్చు పెట్టాడు, పని చేయించింది హుస్సేన్ షా వలీ. 1562 ప్రాంతంలో చెరువు తయారయింది. సుల్తాను తన పేరు పెడదామనుకుంటే జనం అప్పటికే హుస్సేన్‌సాగర్ అనేస్తున్నారట. చిన్నబుచ్చుకున్న సుల్తాను ఇంకో చెరువు తవ్వించి దానికి తన పేరు పెట్టుకున్నాడట, అదే ఇబ్రహీంపట్నం చెరువని చెబుతారు. జనం చెప్పుకునే కథే అనుకోండి. అయినా ఆ రెండో చెరువు గతి చూడండి. ఊరికి ఇబ్రహీం పేరు మిగిలింది, చెరువును మాత్రం పెద్ద చెరువనే అంటారు. సుల్తానుకు రెండోసారీ చుక్కెదురే!

1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలకు పేర్లు పెట్టేటప్పుడు దర్బారు ఆ అవకాశం ఇవ్వలేదు. 1920లో మూసీ మీద పూర్తయినదానికి ఏడో నిజాం పేరిట ఉస్మాన్‌సాగర్ అన్నారు, 1927లో ఈసీ మీద కట్టినదానికి పెద్ద కొడుకు పేరిట హిమాయత్‌సాగర్ అన్నారు. హిమాయత్‌సాగర్ పేరు అలాగే నిలిచింది. ఉస్మాన్‌సాగర్‌ను మాత్రం జనం పక్కనున్న ఊరి పేరుతో గండిపేట అన్నారు. ఇప్పటికీ ఆదివారం పూట ‘గండిపేట పోదామా’ అంటారే తప్ప ‘ఉస్మాన్‌సాగర్ పోదామా’ అనేవాళ్లు తక్కువ. ఈ రెండు జలాశయాల చుట్టుపక్కల నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవోలో ఉన్నది ఉస్మాన్‌సాగర్. గండిపేట పేరు తప్ప ఎరగని మనిషి ఆ జీవో చదివితే అది తన ఇంటి పక్క చెరువు గురించేనని వెంటనే తట్టదు. పెద్ద జలాశయం కాబట్టి రెండు పేర్లూ ఒకటేనని పత్రికలు రోజూ రాస్తాయి, గొడవ లేదు. పాతికెకరాల కుంటకు ఆ సేవ చేసే పత్రిక ఎక్కడుంది?

స్వాతంత్ర్యం వచ్చాక కూడా అంతే. నందికొండ ప్రాజెక్టు అని మొదలుపెట్టినది నాగార్జునసాగర్ అయింది. పోచంపాడు ప్రాజెక్టు శ్రీరాంసాగర్ అయింది. పెద్దవాటికి పేరు మార్చాలంటే పై స్థాయిలో ఆలోచిస్తారు, కాగితం మీద పెడతారు, పాత పేరు ఏమిటో కూడా అందరికీ గుర్తుంటుంది. కేంద్రం 2023లో బయటపెట్టిన జలవనరుల గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1,90,777, తెలంగాణలో 64,056 నీటి వనరులున్నాయి. వీటిలో పేరు గురించి ఎవరైనా ఒక నిమిషం ఆలోచించినవి ఎన్ని ఉంటాయో మీకే తెలియాలి.

నగరం దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా చిక్కు. పల్లెలో చెరువు పేరు మర్చిపోయినా ఊరి పేరు తోడుంటుంది. హైదరాబాద్ శివార్లలో ఊరే కాలనీల్లో కలిసిపోయింది. పాత ఊరి పేరు రెవెన్యూ కాగితాల్లో ఉంది, జనం నోట వెంచర్ పేరుంది. ఫలానా గ్రామం నల్ల చెరువు అని హద్దుల నోటిఫికేషన్ వేస్తే, ఆ చెరువుకు ఎదురుగా ఆరో అంతస్తులో ఉండేవాళ్లకే అది తమ కిటికీలోంచి కనబడే చెరువని తెలియదు. ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు చెప్పమంటారు కదా, గడువులోపు చెప్పాల్సినవాళ్లలో సగం మంది అది తమ చెరువని పోల్చుకోలేకపోతే ఆ అడగడం దేనికి? 2012 నాటి 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఏమీ కట్టకుండా బఫర్ వదలాలి. ఆ గీత ఏ చెరువు చుట్టూ గీశారో మామూలు మనిషికి తెలిసేది పేరును బట్టే. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ జాబితాలో చెరువుకో నంబరు ఉంది, నిజమే. నంబర్లు ఆఫీసుకు పనికొస్తాయి. చెరువు పక్కన కూరగాయలమ్మే ఆమెకు దాని నంబరు తెలియదు, రాత్రిపూట లారీలు మట్టి పోస్తుంటే చూసేది మాత్రం ఆమె.

దీనికితోడు టూరిజం పేర్లు. దుర్గం చెరువు అని చక్కటి పేరుంది. గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువు కాబట్టి దుర్గం చెరువు. దానికి ‘సీక్రెట్ లేక్’ అనే పేరు తగిలించారు. 2020లో తీగల వంతెన తెరిచాక ఆ చెరువు దగ్గర సెల్ఫీ దిగని మనిషి లేడు, ఇంకెక్కడి సీక్రెట్! బంజారా చెరువుకు హమీద్ ఖాన్ కుంట అనే ఇంకో పేరుంది. పిక్నిక్ బోర్డు మీద మీరే పేరైనా రాసుకోండి, నాకు పట్టింపు లేదు. ఆ పేరు రికార్డులోకి ఎక్కి పాతదాన్ని తోసేయకూడదు. చెరువు చుట్టూ ఫెన్సింగ్ వేసి సుందరీకరణ చేసిన కంపెనీకి కృతజ్ఞతగా పేరు రాయాలంటే బెంచీ మీద రాయండి.

పేరుంటే చెరువు బతికిపోతుందా అని అడిగేవాళ్లుంటారు. బతకదు. మాసాబ్ ట్యాంక్ ఉంది కదా. మా సాహెబా అని జనం గౌరవంగా పిలుచుకున్న కుతుబ్‌షాహీ రాజకుటుంబపు ఆవిడ పేరు మీద వెలిసిన చెరువు. ఇప్పుడు అక్కడ ఫ్లైఓవర్ ఉంది, బస్‌స్టాప్ ఉంది, సిగ్నల్ ఉంది. చెరువు లేదు. కానీ ఒక్కటి గమనించండి. బస్సు కండక్టరు ఆ పేరు పిలిచినప్పుడల్లా అక్కడో చెరువుండేదని సాక్ష్యం చెబుతున్నట్టే. ఆ పేరు కూడా పోయి ఉంటే, వానాకాలంలో అక్కడ నీళ్లెందుకు నిలుస్తున్నాయని కమిటీ వేసి కనుక్కోవాల్సి వచ్చేది.

నేనడిగేది పెద్ద పనేమీ కాదు. ఇప్పుడున్న అధికారిక పేరు అలాగే ఉంచండి. దాని పక్కన వాడుక పేర్లు రాయడానికి చోటివ్వండి, ఒకటి కాదు, ఎన్నుంటే అన్ని. రెండు గ్రామాల మధ్య ఉన్న చెరువైతే రెండు గ్రామాల పేర్లూ, రెండు గ్రామాల సర్వే నంబర్లూ ఒకే వరసలో రావాలి. శాసనం దొరికిన చెరువుకు శాసనంలో ఉన్న పేరు రాయండి. బయ్యారంతో, పోరుమామిళ్లతో మొదలుపెట్టండి, వాటి మీద పరిశోధన ఎప్పుడో అయిపోయింది, మీరు కొత్తగా తవ్వాల్సిందేమీ లేదు. ‘పెద్ద’, ‘చిన్న’, ‘నల్ల’, ‘కొత్త’, ‘ఊర’ అనే మాటల ముందు ఊరి పేరు తప్పనిసరి చేయండి. తెలుగులో రాయించండి. ఇంగ్లిష్‌లో రాసి మళ్లీ తెలుగులోకి తెస్తే చెరువు ‘చేరువు’ అవుతుందని పైన చెప్పాను కదా.

ఇవన్నీ ఎవరిని అడగాలంటే, ముందు నీరటి పని చేసినవాళ్లని, తర్వాత చేపల సొసైటీవాళ్లని, చాకిరేవు వాడినవాళ్లని, కట్ట మీద గొర్రెలు తోలేవాళ్లని అడగండి. సర్పంచుని చివర అడగండి. గ్రామసభలో మైకులో అడిగితే నలుగురు మాట్లాడతారు, కట్ట మీద కూర్చుని అడిగితే అసలు పేర్లు వస్తాయి. మా తాత లాంటివాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల తర్వాత చెప్పేవాళ్లుండరు. మా తరంలో చాలామందికి తూము ఎటువైపుందో కూడా తెలియదు.

తూము రాళ్ల మీద సున్నం వేయొద్దని కూడా ఒక సర్క్యులర్ ఇస్తే సంతోషం. పురావస్తు శాఖ నుంచి ఎవరైనా వచ్చి మా రాయి చదివి పెడితే ఇంకా సంతోషం. ఏమీ ఉండకపోవచ్చు, తూము కట్టిన మేస్త్రీ పేరే ఉండొచ్చు. అదీ రాసుకోదగ్గదే.

మా చెరువు వివరం ఇక్కడే ఇచ్చేస్తున్నాను. కట్ట వైపు ఊళ్లో పెద్ద చెరువు, శిఖం వైపు ఊళ్లో మైసమ్మ చెరువు. తూములు రెండు, మత్తడి ఒకటి. రెండు పేర్లూ రాయండి. కాలమ్‌లో చోటు చాలకపోతే విస్తీర్ణం కాలమ్‌ను కొంచెం ఇరుకు చేయండి. ఆ అంకె ఎలాగూ ఏటేటా తగ్గుతూనే ఉంది.

ఇట్లు,
పెద్ద చెరువు ఉరఫ్ మైసమ్మ చెరువు కింద ఎకరంన్నర ఉన్న ఒక రైతు